మన షాపు వాట్సాప్ గ్రూపు ఎందుకు ఆపానంటే

మా మందుల షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. గ్రూపులో మెసేజులు రావట్లేదేమని సోంపేట, కవిటి, కంచిలి నుంచి రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. ఫోను పాడైందని ఒకరిద్దరికి చెప్పాను. అది నిజం కాదు, నేనే ఆపాను.

ఏ మందు వచ్చింది, ఏది రేపు వస్తుంది అని చెప్పడానికి పెట్టిన గ్రూపు అది. ఉద్దానంలో ఏ ఊరికెళ్లినా కిడ్నీ రిపోర్టు పట్టుకున్న మనిషి కనిపిస్తాడు కాబట్టి అది మెల్లగా రోగుల గ్రూపైపోయింది. నాకు సంతోషమే అయింది. కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగేది క్రియాటినిన్. గూగుల్లో "క్రియాటినిన్ తగ్గాలంటే" అని కొడితే వంద వీడియోలొస్తాయి, ఒక్కదానికీ మన ఇల్లు తెలియదు. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, ఆ చేతిలో రక్తం తియ్యనివ్వకండి అని ఒకమ్మ వాయిస్ పెట్టింది. అది విన్న కుర్రాడొకడు ల్యాబులో సూది దగ్గరికొచ్చాక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బంగాళాదుంప ముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే, కిడ్నీ రోగుల ఒంట్లో పేరుకుంటే ప్రమాదమైన పొటాషియం కొంత పోతుందని ఆసుపత్రి కాగితంలో ఉంటుంది. ఎంత గిన్నె, ఎన్ని నీళ్లు అన్నది మాత్రం ఒక వదిన తన పొయ్యి మీది గిన్నె ఫోటో పెట్టాకే అందరికీ అర్థమైంది. డయాలసిస్ వాళ్లకిచ్చే 10,000 రూపాయల పింఛనుకి ఏ కాగితాలు కావాలో కూడా మీలో మీరే చెప్పుకున్నారు.

మరెందుకు ఆపాను? మొన్న ఎండల్లో మందస వైపు అన్న ఒకాయన రెండు రిపోర్టుల ఫోటోలు పెట్టి, "రోజుకి రెండు కొబ్బరి బొండాలు తాగాను, క్రియాటినిన్ 2.1 నుంచి 1.4కి దిగింది" అని రాశాడు. దాని కింద నేను బాగుందన్నట్టు బొటనవేలు గుర్తు పెట్టాను. కౌంటర్లో జనం ఉన్నారు, సరిగ్గా చదవనైనా లేదు.

డయాలసిస్ మీదున్న ఒక పెద్దాయన ఇంట్లో అది చూశారు. చెట్లు వాళ్లవే, కాయలకి కొదవ లేదు. మూడో రోజుకి ఆయన మంచం మీంచి కాళ్లు కింద పెట్టలేకపోయారు. బొండం నీళ్లలోని పొటాషియం ఒంట్లో పెరిగిపోయి గుండె నెమ్మదించిందని చెప్పి రాత్రికి రాత్రే డయాలసిస్ చేశారు. బతికారు. వారం తర్వాత ఆయన కూతురు షాపుకొచ్చి ఫోను కౌంటర్ మీద పెట్టింది. "ఇది నువ్వెట్టిన గుర్తే కదా అన్నయ్యా? నువ్వు మంచిదన్నావనే మా నాన్నకి ఇచ్చినాను" అంది. నా దగ్గర జవాబు లేదు. తప్పు నాదే, అమ్మా. అందరి ముందూ క్షమించమని అడుగుతున్నాను.

తర్వాత మందస అన్నకి ఫోన్ చేశాను. ఆయన అబద్ధం రాయలేదు. మొదటి పరీక్షకి ముందు రెండు రోజులు వాంతులు, విరేచనాలు. జీడి తోటలో ఎండలో పని. ఒంట్లో నీరు పోతే క్రియాటినిన్ పెరుగుతుంది, నీరు పట్టాక దిగుతుంది. ఆయన కిడ్నీ ఇంకా పొటాషియాన్ని బయటికి పంపగలదు, పెద్దాయన కిడ్నీ పంపలేదు. ఆ వాంతుల సంగతి ఆయన రాయలేదు, నేను అడగలేదు.

గ్రూపు మూసేద్దామనే అనుకున్నాను. ఆ రోజుల్లోనే అమెరికాలో 2004లో మొదలైన పేషెంట్స్‌లైక్‌మీ అనే సంస్థ గురించి చదివాను, రోగులు తమ జబ్బు వివరాలు పంచుకునే వెబ్‌సైటు దానిది. లిథియం అనే మందు వాడితే ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు నెమ్మదిస్తుందని 2008లో ఇటలీ నుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. ఆ వెబ్‌సైటులోని రోగులు కొందరు తామే ఆ మందు వాడుతూ డోసు, ఒంటి పరిస్థితి ఎప్పటికప్పుడు నమోదు చేశారు. మందుకి ముందు జబ్బు ఇంచుమించు అదే తీరులో నడిచిన, మందు వాడని రోగులతో వాళ్లని పోల్చి చూశారు. ఉపయోగం లేదని తేలింది, 2011లో ప్రచురించారు కూడా. "నాకు తగ్గింది" అన్న మాట పక్కన అంతకుముందు ఎలా ఉందో కూడా రాసుకోబట్టే అది బయటపడింది.

అందుకే సోమవారం నుంచి గ్రూపు మళ్లీ తెరుస్తున్నాను. ఏదైనా తిని, తాగి, వాడి తగ్గిందని రాసేవాళ్లు డయాలసిస్ ఉందో లేదో, రిపోర్టు తేదీలు, ఆ వారంలో జ్వరం, వాంతులు ఉన్నాయేమో, ఏ మందుల మీదున్నారో కూడా రాయాలి. అవి లేకపోతే తీసేస్తాను, కోపం తెచ్చుకోకండి. మీరు మీ తిండిలో మార్పు చెయ్యాలనుకుంటే ముందు డాక్టరుని అడగండి. పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్లే రోజు షాపు దగ్గర ఆగితే, అడగాల్సినవన్నీ కాగితం మీద రాసిస్తాను. ఇంకొకటి, చీటీ లేకుండా ఒళ్లు నొప్పుల మాత్రలు అడిగితే ఇన్నాళ్లూ ఇచ్చేవాణ్ణి. డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీని దెబ్బతీస్తాయని తెలిసీ ఇచ్చాను. ఇక ఇవ్వను. బేరం తగ్గుతుంది, తగ్గనీ.

పెద్దాయన ఇప్పుడు అరుగు మీద కూర్చుంటున్నారు. నిన్న చూడ్డానికి వెళ్తే, "గ్రూపు తెరువు బాబూ, మొదటి వాయిస్ నానే పెడతాను" అన్నారు.