కరవు నిధులు వానలకు ముందే ఇవ్వండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

మా వినతిపత్రాలకు జవాబు రానందున, రాయలసీమలోని మా మండల రైతుల పక్షాన అందరి ఎదుట ఇది రాస్తున్నాము.

2016 నాటి కేంద్ర కరవు మాన్యువల్ ప్రకారం ఖరీఫ్ కరవును అక్టోబరు 30లోగా ప్రకటించాలి. అంటే తొలకరికి ఏడు నెలల ముందే సంగతి తెలుస్తుంది. చెరువులు, చెక్‌డ్యామ్‌లు ఎండి పూడిక తీయడానికి వీలుండేది ఫిబ్రవరి నుంచి మే వరకే. ఆ నాలుగు నెలలూ అంచనాలు, సాంకేతిక అనుమతులతోనే గడిచిపోతే, డబ్బు వచ్చేసరికి గుంతలో నీళ్లుంటాయి. పూడిక తీయని ఊట చెరువులో (నీటిని భూమిలోకి ఇంకించే చెరువు) సన్నటి ఒండ్రు అడుగును మూసేస్తుంది. నీరు ఇంకకుండా ఆవిరవుతుంది.

వాననీటిని బోరు చుట్టూ ఇంకించే రీచార్జి గుంతలదీ ఇదే తీరు. కేసింగ్‌కు (బోరులో దించే గొట్టానికి) రంధ్రాలు వేసి, జాలీ చుట్టి, బండరాళ్లు, కంకర, ఇసుక వరుసగా నింపుతారు. పైఇసుకను ఏటా మార్చాలి. ఆ ఖర్చు అంచనాలో ఉండదు (ప్రారంభోత్సవ శిలాఫలకం మాత్రం ఉంటుంది).

ఇలా నీరు ఇంకక బోర్లు ఎండితే ట్యాంకరే దిక్కు. తలకు రోజుకు 55 లీటర్ల లెక్కన 5,000 లీటర్ల ట్యాంకరు తొంభై మందికి ఒక్కరోజే. ఆ వంతు కోసం కూలి మానుకునేది ఆడవాళ్లే.

15వ ఆర్థిక సంఘం పంచాయతీల 2021-26 గ్రాంటులో 30 శాతం తాగునీటికి, వాననీటి సంరక్షణకు, నీటి పునర్వినియోగానికే కేటాయించింది. ఆ పద్దులో పంచాయతీవారీగా వచ్చినదీ, ఖర్చయినదీ, మిగిలినదీ నోటీసు బోర్డుల్లో పెట్టించండి. ఇకపై అంచనాలు నవంబరులో, అనుమతులు జనవరిలోగా పూర్తిచేయించి, మూడేళ్ల నిర్వహణ ఖర్చును ప్రతి పనిలో చేర్చండి. పదిహేను రోజుల్లో రాతపూర్వక సమాధానం కోరుతున్నాము.

ఇట్లు,
మండల ఆయకట్టు రైతులు