ఆపరేషన్‌కీ కరెంటుకీ మధ్య 90 రోజులు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

గుంటూరు నుంచి ఒక మిర్చి యార్డు హమాలీ కూతురు నమస్కరించి రాసుకుంటున్న లేఖ ఇది. మా నాన్నకు నోటి క్యాన్సర్. ఆపరేషన్ తర్వాత ఆయనకు పెట్టాల్సిన కరెంటు, అంటే రేడియేషన్, ఆలస్యమైన విషయం మీద సోమవారం అర్జీల రోజున మూడుసార్లు కాగితం ఇచ్చాను. మొదటి రెండుసార్లూ మీ అర్జీ పరిష్కారమైందని ఫోనుకు మెసేజీ వచ్చింది. మూడోసారి అదీ రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను. ఎక్కడైనా మాట తూలితే మన్నించండి. మా ఇంట్లో ఎవరికీ కంటి నిండా నిద్ర లేదు.

పథకం గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. ఆరోగ్యశ్రీ అన్నా, ఎన్టీఆర్ వైద్య సేవ అన్నా, ఆ కార్డే లేకపోతే మా నాన్నకు ఆపరేషనే జరిగేది కాదు. అది ముందే ఒప్పుకుంటున్నాను. నా బాధంతా ఆపరేషన్ అయిన తర్వాతి రోజుల గురించి.

2025 ఆగస్టు 26న నాన్నకు ఎడమ బుగ్గ, దవడ ఎముకలో కొంత తీసేశారు. ఛాతీ మీది కండ తెచ్చి ఆ ఖాళీ పూడ్చారు. మెడలోని గడ్డలు కూడా తీశారు. పది రోజులకు ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు వచ్చింది. రెండు గడ్డల్లో జబ్బుంది. ఒకదాంట్లో పొర దాటి బయటికి వచ్చేసింది. డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు: "కరెంటు పెట్టాలమ్మా, దాంతోపాటు కీమో కూడా ఇవ్వాలి. ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలవ్వాలి. కంటికి కనపడకుండా ఏమైనా మిగిలి ఉంటే, ఆలస్యమయ్యేకొద్దీ మళ్ళీ పెరుగుతుంది." నేను బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. ఇంటికి రాగానే క్యాలెండర్లో అక్టోబరు 7 చుట్టూ ఎర్ర పెన్నుతో గీశాను.

నాన్నకు కరెంటు మొదలైంది నవంబరు 24న. అంటే 90వ రోజున.

ఆ రోజులన్నీ ఎటు పోయాయో ఒక్కొక్కటే చెబుతాను, దయచేసి వినండి. మూడో వారంలో పళ్ళ డాక్టరు దగ్గరికి పంపారు. కరెంటు పెట్టాక పుచ్చిపళ్ళు పీకితే దవడ ఎముక మానదట, అందుకని ముందే పీకాలి. ఐదు పళ్ళు పీకారు, చిగుళ్ళు మానడానికి రెండు వారాలు ఆగమన్నారు. ఆ ఐదూ ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్నప్పుడే తీసేసి ఉండొచ్చని మాకు తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఫైలు అప్రూవల్‌కి వెళ్ళింది. ఫోటో సరిగ్గా లేదని తిరిగొచ్చింది. మళ్ళీ ఫోటో తీసి పెట్టాం. ఈసారి ముక్క పరీక్ష రిపోర్టులో రెండో పేజీ లేదన్నారు. ఆ పేజీ నా సంచిలోనే ఉంది, ఎవరైనా ఒక్క ఫోను చేసి ఉంటే ఆ పూటే తెచ్చి ఇచ్చేదాన్ని. ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రగా ఉన్న అమ్మాయి మంచిది. ఆమె చేతిలో ఏమీ లేదు. కంప్యూటర్ తెర నా వైపు తిప్పి "చూడండక్కా, పెండింగే" అని రోజూ చూపించేది.

అంతలో అక్టోబరు వచ్చింది. ప్రభుత్వం బకాయిలు చెల్లించలేదని, ఈ పథకం కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. ఎవరు ఎవరికి ఎంత బాకీయో తేల్చేంత తెలివి నాకు లేదు. నేను గీసిన ఎర్ర గీత మాత్రం అప్పటికే దాటిపోయింది. సేవలు మళ్ళీ మొదలయ్యాక వెళితే, మెషిన్ దగ్గర నాన్న కంటే ముందు 40 మందికి పైగా ఉన్నారు. వాళ్ళందరిదీ మా లెక్కే, అందరి గీతలూ దాటిపోయాయి.

మొదలయ్యాక కూడా సాఫీగా సాగలేదు. వారానికి ఐదు రోజుల చొప్పున మొత్తం 33 సార్లు పెట్టాలి. మధ్యలో మెషిన్ చెడిపోయి నాలుగు రోజులు ఆగింది. మూడో వారం నుంచి నాన్న నోరంతా పుండైంది. మజ్జిగ కూడా మంటే. ముక్కులోంచి గొట్టం వేస్తే అమ్మ రాగిజావ వడగట్టి, సిరంజితో పోసేది. యార్డులో రోజంతా టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసిన మనిషి 41 కిలోలకు దిగాడు.

సంక్రాంతి ముందు కరెంటు పూర్తయింది. మార్చిలో చెవి కింద మళ్ళీ గడ్డ కనపడింది.

ఆలస్యం వల్లే వచ్చిందని డాక్టరు గారు అనలేదు. కాదని కూడా అనలేదు. ఆ రెండు మాటల మధ్య మేము బతుకుతున్నాం, మంత్రి గారూ.

ఇంకొక సంగతి చెబుతాను, అసూయతో అంటున్నానని అనుకోవద్దు. నాన్న పనిచేసే యార్డులోనే ఒక కమీషన్ వ్యాపారి బంధువుకి దాదాపు అదే నెలలో ఇదే జబ్బుకి ఆపరేషన్ జరిగింది. దశ కూడా అదే. వాళ్ళు సొంత డబ్బు కట్టుకున్నారు. ఐదో వారంలో కరెంటు మొదలైంది, ఏడు వారాల్లో ముగిసింది. ఆయన బాగున్నారు, నూరేళ్ళు బాగుండాలి. జబ్బు ఒకటే, ఊరు ఒకటే, ఆరు వారాల లెక్క కూడా ఒకటే. మరి డబ్బు కట్టినవారికి ఐదో వారం, కార్డు చూపించినవారికి పదమూడో వారం ఎందుకైంది? దీనికి మీ శాఖలో ఎవరైనా నాకు జవాబు చెప్పాలి.

అలవాట్ల వల్ల తెచ్చుకున్న జబ్బు కదా అని మొహం మీదే అన్నవాళ్ళున్నారు. నాన్న 20 ఏళ్ళు ఖైనీ పెట్టాడు, దాచను. సీజన్లో యార్డులోకి మీరు ఒక్క గంట వచ్చి నిలబడండి. ఆ ఘాటుకి ముక్కు, గొంతు మండిపోతుంటే బుగ్గలో ఏదో ఒకటి పెట్టుకుని టిక్కీ ఎత్తడం అక్కడ మామూలు. గుట్కాని ఉమ్మడి రాష్ట్రంలోనే 2013లో నిషేధించారు. పాన్ మసాలా ఒక ప్యాకెట్టు, పొగాకు ఇంకో ప్యాకెట్టుగా కిళ్ళీ కొట్ల ముందు దండల్లా వేలాడుతూనే ఉన్నాయి. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం మా గుంటూరులోనే ఉంది. పొగాకు ధర పడిపోతే మంత్రులు పరుగున వస్తారు. రైతు కోసం రావలసిందే, నేను కాదనను. పొగాకు నమిలి దవడ పోగొట్టుకున్న కూలీ కోసం కూడా ఒక్కసారి రండి అంటున్నాను.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో నోటి క్యాన్సర్ కొత్తగా వచ్చినవారు సుమారు 1,43,000 మంది, దాంతో చనిపోయినవారు దాదాపు 80,000. మగవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం దీనిదే. పైగా ఇది కడుపులోనో ఊపిరితిత్తుల్లోనో దాక్కునే జబ్బు కాదు. నోరు తెరిపించి టార్చి వేస్తే కనపడేది. నాన్న నోరు ఏడాది ముందు నుంచే సరిగ్గా తెరుచుకోవడం లేదు. అమ్మ అన్నం ముద్దలు చిన్నవి చేసి పెట్టేది, వయసు వల్ల అనుకున్నాం. బుగ్గలో తెల్ల మచ్చ వచ్చింది, పుండైంది. వీధి చివర ఆర్‌ఎంపీ ఐదు నెలలు బీకాంప్లెక్స్ మాత్రలు, పూత మందు ఇచ్చాడు. 30 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరి నోరూ చూడాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మా ఇంటికి వచ్చిన ఆశా అక్క గుమ్మంలోనే అడిగి, రాసుకుని వెళ్ళిపోయింది. ఆమెకి టార్చీ ఇవ్వలేదు, నోట్లో ఏం చూడాలో నేర్పనూ లేదు. తిరువనంతపురం ప్రాంతంలో మామూలు ఆరోగ్య కార్యకర్తలకే నేర్పి ఇంటింటా నోళ్ళు చూపించారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయని 2005లోనే ఫలితాలు వచ్చాయి. అదే పని మన మిర్చి యార్డు గేటు దగ్గర నెలకొకసారి చేయలేమా? హమాలీలందరూ అక్కడే ఉంటారు కదా.

రాష్ట్రం విడిపోయినప్పుడు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి హైదరాబాదులో ఉండిపోయింది. అప్పటి నుంచి పెద్ద ఆసుపత్రులు కడతామన్న మాట ప్రతి ప్రభుత్వం నోటా విన్నాం. కట్టండి, సంతోషం. కానీ భవనం లేచేదాకా ఆరు వారాల లెక్క ఆగదు.

నేను అడిగేది ఒక్కటే, తిప్పి తిప్పి అదే అడుగుతున్నాను. ఆపరేషన్‌కి అప్రూవల్ ఇచ్చిన రోజే కరెంటుకీ అప్రూవల్ ఇవ్వండి. డిశ్చార్జి కాగితం మీద ఆరో వారం తేదీ రాయించండి. ఆ తేదీకి ఆ ఆసుపత్రిలో మెషిన్ ఖాళీ లేకపోతే, ఖాళీ ఉన్న ఆసుపత్రికి అదే కార్డు మీద పంపండి. ఎంతమందికి ఆ తేదీ దాటిందో ప్రతి నెలా చెప్పండి. బకాయిల పంచాయితీ వచ్చినా, సగం వైద్యంలో ఉన్న క్యాన్సర్ రోగి జోలికి రానివ్వకండి. ఫోటో బాగాలేదని ఫైలు వెనక్కి పంపేవారికి, ఆ ఫైలులో మనిషి ఉన్నాడని చెప్పండి. దయచేసి చెప్పండి.

మా నాన్నకు ఇప్పుడు వేరే మందులు నడుస్తున్నాయి. ఆయన కోసం ఈ లేఖ రాయలేదు, ఆయన తేదీ ఎప్పుడో దాటిపోయింది. నిన్న ఆసుపత్రి బెంచీ మీద మా పక్కన మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. నాలుక మీద ఆపరేషన్ అయింది, మాట ముద్దగా వస్తోంది. ఆడమనిషి కాబట్టి బస్సులో తనకు టిక్కెట్టు అక్కర్లేదు గానీ తోడొచ్చే కొడుకుకి రానూ పోనూ కొట్టాలి, వాడికి ఆ రోజు కూలీ పోతుంది. ఆపరేషన్ అయి 30 రోజులైందట. ఫైలు ఎక్కడుందని అడిగితే "పెండింగ్ అంటున్నారమ్మా" అంది. ఆమెకు ఇంకా 12 రోజులున్నాయి. ఈ లేఖ మీ దాకా వస్తే, ముందు ఆ బెంచీ మీద ఉన్నవాళ్ళ తేదీలు తెప్పించుకుని చూడండి.

ఇట్లు,
మిర్చి యార్డు హమాలీ కూతురు,
గుంటూరు