కార్యదర్శి వార్షిక నివేదిక: భయానక విజ్ఞాన కల్పన చిత్రాల సంవత్సరం

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళి చెబుతోంది కాబట్టి ఇది రాస్తున్నాను. చేసిన పని నలుగురికీ తెలియాలన్న ఆశ కూడా లేకపోలేదు.

ఈ ఏడాది మన సినిమా ప్రదర్శనలకు కార్యవర్గం పాత విజ్ఞాన కల్పన భయానక చిత్రాలను ఎంచుకుంది. 'దయ్యాల సినిమాలు మనకెందుకు' అని కిందటి సమావేశంలో గట్టిగా అడిగిన పెద్దలే మొదటి ప్రదర్శనకు ముందు వరుసలో కూర్చున్నారు. వారికి ప్రత్యేక కృతజ్ఞతలు. ఆ రోజు వేసింది 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్'. తాను ప్రాణం పోసిన జీవిని అంతం చేసే పని గురువుగారికి అప్పగించి, ఆ శాస్త్రవేత్త పెళ్లి చేసుకోవడానికి ఇంటికి వెళ్లిపోతాడు. ఒప్పుకున్న పని పక్కవారి మీద పెట్టి వెళ్లిపోవడం మన సంఘంలోనూ ఉన్నదే కాబట్టి ఆ సన్నివేశం అందరికీ బాగా అర్థమైంది.

తరువాత 1954 నాటి జపాన్ చిత్రం 'గాడ్జిల్లా' వేశాం. హైడ్రోజన్ బాంబు పరీక్షలు సముద్రం నుంచి లేపిన రాక్షస జంతువు కథ అది. ఆ ఏడాది మార్చిలోనే బికినీ దీవుల హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. ఆ సంగతి ముందుగా వివరించిన సభ్యురాలికి ధన్యవాదాలు. ఆ జంతువును చంపిన తన ఆయుధం రహస్యం ఎవరికీ చిక్కకూడదని కాగితాలు కాల్చేసి సముద్రం అడుగునే ఉండిపోయిన శాస్త్రవేత్త డాక్టర్ సెరిజావా దగ్గర హాలంతా నిశ్శబ్దమైంది.

మనం గర్వంగా చెప్పుకోవలసింది జంట ప్రదర్శన. అమెరికా రచయిత జాన్ కాంప్‌బెల్ 1938లో రాసిన ఒకే కథ నుంచి వచ్చిన 'ద థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్' (1951), 'ద థింగ్' (1982) చిత్రాలను ఒకే సాయంత్రం వేశాం. మొదటిదానిలో అంతరిక్షం నుంచి మొక్కలాంటి జీవి ఒకటి వస్తుంది. శాస్త్రవేత్త డాక్టర్ కారింగ్టన్ రక్తం పోసి మరీ దాని మొలకలను పెంచుతాడు. విజ్ఞానం ముందు మనిషి ప్రాణం ఎంత అన్నది అతని ధీమా. చివరకు దానితో మాట్లాడబోయి ఒక్క దెబ్బకు ఎగిరి పడతాడు.

రెండో చిత్రం అంటార్కిటికాలో పన్నెండు మంది మగవాళ్ల కథ. పరాయి జీవి మనిషి రూపంలో వాళ్ల మధ్యే తిరుగుతుంది. హెలికాప్టర్ నడిపే మాక్‌రెడీ అందరి రక్తం తీసి, కాల్చిన తీగ ముంచి చూస్తాడు. ఆ జీవిలో ప్రతి చుక్కా తానుగా ఒక ప్రాణి. వేడి తగలగానే బతకాలని గెంతుతుంది. ప్రాణం మీది తీపే దాన్ని పట్టిస్తుంది. అయితే అంతకుముందు మాక్‌రెడీ కాల్చి చంపిన సహచరుడు మనిషేనని తేలేది కూడా ఆ పరీక్షలోనే. మరి ఎవరి ప్రాణభయం ఎక్కువ ప్రమాదకరం? ఈ చర్చ కాపలాదారు తాళాలు పట్టుకుని నిలబడేదాకా సాగింది. విడుదలైనప్పుడు విమర్శకులు చీదరించుకున్న సినిమా ఇది!

'ఏలియన్' (1979) ప్రదర్శన మాత్రం రెండుసార్లు వాయిదా పడింది. హాలు అనుమతి కోసం వెళ్లిన ప్రతిసారీ అధికారి కుర్చీ ఖాళీయే. ఆ చిత్రంలో, ముఖానికి పరాయి జీవి అతుక్కున్న సహచరుడిని తెచ్చినప్పుడు నిబంధన ప్రకారం తలుపు తెరవనన్న అంతరిక్ష నౌక అధికారిణి రిప్లీ మాట విని ఉంటే, ఓడలో ఉన్నవారైనా బతికేవారేమో. మన దగ్గర నిబంధనలన్నీ పాటించినా తలుపు తెరుచుకోలేదు.

జంట ప్రదర్శనకు కుర్చీలు వేస్తామని పేర్లిచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు కూడా సరిగ్గా పన్నెండు మంది. చివరికి నేను, కోశాధికారి మిగిలాం. 1982 చిత్రం ముగింపులోనూ ఇద్దరే మిగులుతారు, ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ.

లెక్కల పత్రం వెనుక జతచేశాం. ఆడిటర్ సంతకం ఉంది. స్వల్ప మిగులు ఉంది. ప్రశ్నలుంటే కోశాధికారిని అడగండి.

ప్రొజెక్టర్ ఇచ్చిన సభ్యుడికి, ఉపశీర్షికలు సరిచేసిన యువతీయువకులకు, అంత ఆలస్యమైనా విసుక్కోని కాపలాదారుకు కృతజ్ఞతలు. వచ్చే ఏడాది కార్యకర్తల జాబితా బల్ల మీద ఉంది. రాగలిగినవారే పేరు రాయండి.

కార్యదర్శి