పగుళ్లకు తప్పు ఎండది కాదు

సంపాదకుడు గారికి,

ఆయిల్ రంగుల స్టిల్ లైఫ్ (పండ్లు, పాత్రల్లాంటి కదలని వస్తువుల బొమ్మ) కొన్న రెండేళ్లకే పగుళ్లిస్తే ‘అనంతపురం ఎండ మరి’ అని సర్ది చెబుతున్నారు. చాలాసార్లు తప్పు ఎండది కాదు, పొరల వరసది.

ఆయిల్ రంగు నీటి రంగులా ఆవిరై ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది. నూనె తక్కువున్న పొర త్వరగా బిగుసుకుంటుంది, ఎక్కువున్నది నిదానంగా ఆరి, ఆరాక కూడా కాస్త సాగుతుంది. అందుకే అడుగున నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ ఉండాలి. తిరగేశారా, పైది బిగుసుకున్నాక కింది పొర కదిలి, పైపొర ఎండిన చెరువులో ఒండ్రులా నెర్రెలిస్తుంది.

ఇత్తడి చెంబు, రెండు చీనీకాయలు, కోసిన దానిమ్మ పెట్టి గీస్తున్నామనుకోండి. జెస్సో (రంగుల కింద వేసే తెల్లటి పూత) పూసి ఆరిన కాన్వాస్ మీద బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగును టర్పెంటైన్‌తో పలచగా కలిపి రుద్ది, వెలుగున్న చోట గుడ్డతో తుడిచేయాలి. అంబర్‌లో మాంగనీసు ఉంటుంది కాబట్టి ఈ పొర తొందరగా ఆరుతుంది. ఇక్కడ ఐవరీ బ్లాక్ అనే నలుపు వాడకూడదు, అది ఆరడం చాలా ఆలస్యం. తర్వాత తెలుపు, అంబర్ కలిపిన బూడిద ఛాయల్లో వస్తువుల గుండ్రదనం తేల్చాలి. ఆ తెలుపు టైటానియం అయితే మేలు, జింక్ వైట్ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసవుతుంది. ఆ పైన అసలు రంగులు. చివర గ్లేజు, అంటే కింది రంగు కనిపించేలా వేసే పలచటి పొర: నూనె, టర్పెంటైన్ సగం సగం కలిపి, అందులో రంగు కొద్దిగా వేసి పలచగా పులమాలి. ఉత్త నూనె పోస్తే ముడతలు పడుతుంది. దానిమ్మ గింజల ఎరుపుకు అలిజరిన్ అనే రంగు కన్నా క్వినాక్రిడోన్ అనే రంగు నయం, పలచటి గ్లేజులో అలిజరిన్ వెలిసిపోతుంది. చెంబును పసుపుతో నింపేసేవాళ్లే ఎక్కువ. నిజానికి ఇత్తడిలో ముప్పావు వంతు ముదురు గోధుమ, ఆకుపచ్చ నీడలే. మెరుపు మాత్రం బియ్యపుగింజంత, మందంగా, ఆఖర్న పెట్టాలి. కోసిన దానిమ్మ పూటలో నల్లబడుతుంది కాబట్టి దాని రంగులు ముందు పట్టుకోవాలి. చెంబు ఎక్కడికీ పోదు.

17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు విల్లెం కాల్ఫ్ చీకటి వెనకతలం మీద నిమ్మతొక్కను వెలిగించింది ఇలా పొర మీద పొర వేసే. ఆ సంప్రదాయంలో గీయమని పోటీలు పెట్టి ఒక్క రోజులో ముగించమంటే, తడి ఆరకుండానే వార్నిష్ పూసిన బొమ్మలే వస్తాయి. ఆయిల్ విభాగానికి నెలైనా గడువివ్వాలని నిర్వాహకులను కోరుతున్నాం.

మరో మాట. అవిసె నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. నీళ్లలో ముంచి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి. స్కూళ్లలో దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

కొనేవాళ్లు కాన్వాస్ వెనక ఏ రంగులు వాడారో, ఎప్పుడు ముగించారో రాసి ఇవ్వమని అడగాలి. బొమ్మ బాగా ఆరాకే పూయాల్సిన వార్నిష్ కోసం ఆర్నెల్ల తర్వాత మళ్లీ తీసుకురమ్మనే చిత్రకారుడైతే నిశ్చింతగా కొనవచ్చు.

– చిత్రలేఖన ఉపాధ్యాయులు, అనంతపురం