ఉబ్బసం పరిశోధనకు రెండేళ్లు చాలవు: కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఏటా మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు కోసం బారులు తీరే జనాన్ని మీరు టీవీలోనైనా చూసే ఉంటారు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పసిపిల్లలను చంకనెత్తుకుని అంత రద్దీలో నిలబడ్డారంటే ఊపిరాడని బాధ ఎంతటిదో ఆలోచించమని అడుగుతున్నాను. ప్రపంచంలో ఉబ్బసంతో చనిపోతున్నవారిలో 40 శాతానికి పైగా మన దేశంవారేనని 2019 నాటి అంతర్జాతీయ అంచనా. వారిలో చాలామందిని సక్రమంగా పీల్చే స్టెరాయిడ్ మందే కాపాడగలదు. అది ఆరోగ్య శాఖ బాధ్యత. మీ శాఖతో పని ఆ మందుకు లొంగని తీవ్ర ఉబ్బసం దగ్గర పడుతుంది.

నేను ఈ నగరంలోనే అలర్జీ వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులపై పోస్ట్ డాక్టోరల్ పరిశోధన చేస్తున్నాను. వయ్యారిభామ పుప్పొడిని, దుమ్మును అందరమూ పీలుస్తాం. పిల్లికూతలు మాత్రం కొందరికే వస్తాయి. హాని చేయని వాటి మీదకు వెళ్లకుండా రోగనిరోధక కణాలను అదుపు చేసే నియంత్రక టి-కణాలు మన ఒంట్లో ఉన్నాయి. ఆ అదుపు సడలినచోట ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ పెరుగుతుంది, ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు శ్వాసనాళాల్లో చేరతాయి, నాళాలు వాచి బిగుసుకుంటాయి. సడలిన అదుపును తిరిగి తేగలమా అన్నదే నా పరిశోధన. జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి ఈ కణాలను 1995లో గుర్తించారు. వాటిని నడిపించేది ఫాక్స్‌పి3 జన్యువని 2003లో గానీ తేలలేదు. ఆ కృషికి నోబెల్ 2025లో వచ్చింది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. కడుపులో నులిపురుగులున్నా ఐజీఈ, ఇయోసినోఫిల్స్ పెరుగుతాయి. తీవ్ర ఉబ్బసానికి వచ్చిన కొత్త ఇంజెక్షన్లు ఎవరికి ఇవ్వాలో తేల్చేది ఎక్కువగా ఆ లెక్కలే. ఆ హద్దులు ప్రధానంగా సంపన్న దేశాల రోగులను చూసి గీసినవి. నెలకు వేల రూపాయలయ్యే మందు ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రికి వచ్చే కూలీకి పనిచేస్తుందో లేదో వాటిని పట్టుకుని ఎలా చెప్పగలం? ఇక్కడి రోగులనే వానలు, చలి, పుప్పొడి కాలాల గుండా కొన్నేళ్లపాటు గమనించాలి.

జాతీయ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ గడువు రెండేళ్లు. నైతిక కమిటీ అనుమతి రావాలి, విదేశాల నుంచి యాంటీబాడీలు రావాలి, ప్రయోగాలకు ఎలుకలు సిద్ధం కావాలి. రోగుల రక్త నమూనాలు చేతికి అందే వేళకు పరిశోధకులు తర్వాతి ఉద్యోగానికి దరఖాస్తులు రాసుకుంటూ ఉంటారు. నమూనాలు ఫ్రీజర్‌లో మిగిలిపోతాయి. రక్తమిచ్చిన రోగికి మనం ఇచ్చిన మాట ఏమైనట్టు? నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

ఈ ఫెలోషిప్ ఇచ్చే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు మీరు ఉపాధ్యక్షులు కూడా. రోగులతో ముడిపడిన పరిశోధనలకు గడువును నాలుగేళ్లకు పెంచండి. ఏ సంస్థ ఇచ్చే భత్యమైనా నెలనెలా అందేలా చూడండి. పరిశోధకులు మారినా నమూనాలను, రోగుల వివరాలను చూసుకునే శాశ్వత సిబ్బందిని ప్రభుత్వ ఛాతీ ఆస్పత్రుల్లో నియమించేందుకు రాష్ట్రాలతో మాట్లాడండి. మొదటి మార్పు రాబోయే ఫెలోషిప్ ప్రకటనలోనే చేయవచ్చు. దాని కోసం ఎదురుచూస్తాను.

భవదీయురాలు,
ఒక పోస్ట్ డాక్టోరల్ పరిశోధకురాలు,
హైదరాబాద్