బోరు నీళ్లు వాటంతటవే బాగైతయా?

నల్లగొండ,
ఆదివారం

అరేయ్ మామా,

మొన్న ఫోన్ల సగం చెప్పి సగం మింగినవ్. గందుకే ఇయ్యాల తీరుబాటుగ కూసొని రాస్తున్న. జర పొడుగైతది, ఛాయ్ పెట్టుకొని చదువు.

ఆ మూతబడ్డ పార్టుల ఫ్యాక్టరీ పక్కన ఎకరంన్నర బేరం చేస్తున్నవ్ గదా. అమ్మేటాయన ‘కంపెనీ బందై ఏండ్లయింది, గ్రీజు కడిగిన సాల్వెంటు భూమిల ఉన్నా సూక్ష్మజీవులే తినేస్తయి, సైన్సే చెప్తున్నది’ అన్నడంటివి. ఒట్టి అబద్ధమైతే నేను ఇంత రాసేటోన్ని కాదు. సగం నిజం ఉన్నది, దాంతోనే తంటా.

ఇనుప పార్టులకు అంటిన గ్రీజు వదలగొట్టే సాల్వెంటు ఎక్కువగ ట్రైక్లోరోఎథిలీన్. దాని అణువుల మూడు క్లోరిన్లు. గాలి సోకని లోతుల, తిండి దొరికితే, కొన్ని సూక్ష్మజీవులు మనం ఆక్సిజన్ పీల్చినట్టు దీన్ని పీల్చి ఒక్కొక్క క్లోరిన్‌ను ఊడగొడ్తయి. మూడు రెండైతయి (అది డైక్లోరో), రెండు ఒకటైతది, ఆఖరికి ఎథిలీన్ మిగుల్తది. ఎథిలీన్ అంటే మామిడికాయలు మగ్గబెట్టే గదుల్ల వదిలే గ్యాసే, దాంతోని భయం లేదు. చివరిదాకా చెయ్యగల జాతి పేరు డీహాలోకోకాయిడిస్. 1997ల అమెరికాల కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు దాన్ని వేరుచేసి చూపించిన్రు. దొరికింది ఏడనో ఎరికేనా? మురుగునీళ్ల ప్లాంటు బురదల!

ఇగ నడిమి మెట్టు చూడు. ఒక్క క్లోరిన్ మిగిలినప్పుడు దాని పేరు వినైల్ క్లోరైడ్. మనుషులకు క్యాన్సర్ తెస్తదని రుజువైన సరుకు. అమెరికా తాగునీళ్ల హద్దు ట్రైక్లోరోకు లీటరుకు 5 మైక్రోగ్రాములు, వినైల్‌కు 2. తిండి అయిపోయినా, ఆ జాతి అక్కడ లేకపోయినా పని నడుమల్నే ఆగుతది. అప్పుడు ట్రైక్లోరో లేదని రిపోర్టు చూసి సంబురపడ్డోడే మునుగుతడు.

మన నేల సంగతి ఇంకోటి. పత్తి చేన్లకు, బత్తాయి తోటలకు మనోళ్లు ఎంత యూరియా పోస్తరో నీకు చెప్పాల్నా? అదంత నైట్రేటై నీళ్లల్లకు దిగుతది. నైట్రేట్ ఉన్నన్ని రోజులు ఉన్న తిండంత దాన్ని పీల్చేటియే కొట్టేస్తయి, క్లోరిన్ ఊడగొట్టేటి వాటికి వంతు రాదు. దగ్గర్ల ఏదన్న మందుల కంపెనీ నుంచి క్లోరోఫాం కూడ కలిసిందా, ఇగ పని కుంటుపడ్డట్టే.

కింద ఉన్నదేమో గ్రానైటు. ట్రైక్లోరో నీళ్లకన్న దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, మొరం దాటి బండ పగుళ్లల్లకు దిగి కూసుంటది. ఆడికెల్లి కొద్దికొద్దిగ ఏండ్లకేండ్లు కరుగుతది. నువ్వు బోరు ఏసి మోటర్ ఆన్ చేస్తే ఏ పగులు దేంతోని కలిసి ఏం గుంజుకొస్తదో ముందుగాల ఎవ్వడు చెప్పలేడు.

నువ్వు పంపిన రిపోర్టు ఫొటో పెద్దగ చేసి చూసిన. నీళ్లు పట్టింది అక్టోబర్ల. వానలకు బోర్లు నిండినంక పల్చబడి తక్కువ కనిపించొచ్చు, పల్చబడితే విరిగినట్టా? పైగ చూసినయి టీడీఎస్, గట్టితనం, ఫ్లోరైడ్, నైట్రేట్ అంతే. సాల్వెంటు పరీక్షే లేదు! నైట్రేట్ మాత్రం లీటరుకు 80 మిల్లీగ్రాములు దాటింది, హద్దు 45. నాకైతే ఆ ఒక్క అంకెకే అమ్మేటాయన మాట మీద నమ్మకం పోయింది. ఆర్వో అమ్మే పోరడు తెచ్చే టీడీఎస్ మీటర్ ఉప్పునే పడ్తది, సాల్వెంటు దానికి కనపడదు. ఊడిన క్లోరిన్ నీళ్లల్ల క్లోరైడైతది, అది పెరిగింది గనక సాల్వెంటు విరిగిందని ఎవలన్న అంటే? మైక్రోగ్రాముల సాల్వెంటు విరిగి వచ్చే క్లోరైడ్‌ను మన ఉప్పు బోర్లల్ల ఏడ ఎతుకుతరు?

ఫ్లోరైడ్ ఎన్నేండ్లున్నా విరగదు, సాల్వెంటు విరిగే గుణమన్న ఉన్నది. ఆ ఆశ నాకూ ఉన్నది. కాని అమెరికా పర్యావరణ సంస్థ 1999ల ఇచ్చిన మార్గదర్శకంలనే, సాల్వెంటు తనంతట విరుగుతదని నమ్ముకునుడంటే ఏం చెయ్యకుండ కూసునుడు కాదని రాసిన్రు. బావులు పెట్టి ఏండ్లతరబడి కొలవాలె.

నువ్వు చేసేది ఇది. మే నెలల ఒకసారి, వానలైనంక ఒకసారి నీళ్లు పట్టు. 40 మిల్లీలీటర్ల గాజు సీసా, మూత లోపల టెఫ్లాన్ పొర ఉండాలె. మోటర్ జరసేపు నడిపి, సన్న ధారతోని మూతి మీద నీళ్లు ఉబ్బేదాక నింపి బిగించు. తలకిందులు చేసి వేలుతోని తట్టు. బుడగ కనిపిస్తే ఇంకో సీసాల మళ్ల పట్టు, సాల్వెంటు ఆ బుడగలకే ఎక్కుతది. ఐసు డబ్బాల పెట్టి పంపు. ల్యాబోళ్లను ట్రైక్లోరో, డైక్లోరో, వినైల్, ఎథిలీన్ నాలుగూ కలిపి చూడమను. ఎథిలీన్ కనపడకుంటే నేను నమ్మ.

అప్పటిదాక బయానా ఇయ్యకు. ఆయన తొందరపెడ్తే పరీక్ష ఖర్సు ఆయన్నే పెట్టుకోమను, ఏమంటడో నాకు రాయి. అమ్మకు నమస్తె చెప్పు.

నీ దోస్తు