మూడంటే మూడు అమైనో ఆమ్లాలు

అమ్ములూ,

నువ్వు పంపిన పట్టిక చూశాను. మనిషి, ఎలుక, కోడి, జీబ్రాఫిష్, అందరి కిడ్నీలూ లైంగిక గ్రంథులూ ఏర్పడటానికి కావాల్సిన డబ్ల్యూటీ1 ప్రోటీన్‌నూ ఒకదాని కింద ఒకటి బాగా పేర్చావు. అమైనో ఆమ్లాల అక్షరాలు పోల్చి పోల్చి విసుగొచ్చిందన్నావు. పైగా చేపల మీద పీహెచ్‌డీ ఏమిటని అత్తయ్య నవ్విందట. అత్తయ్య సంగతి నాకొదిలెయ్.

నువ్వు ఆ జన్యువులో తొమ్మిదో ఎక్సాన్ (ప్రోటీన్ సమాచారం ఉండే ముక్క) చివర కాసేపు ఆగు. అక్కడ స్ప్లైసింగ్‌లో, అంటే ఆర్‌ఎన్‌ఏలో అక్కర్లేని ముక్కలు కోసి మిగిలినవి అతికేటప్పుడు, కోత పడే చోట్లు రెండున్నాయి, మధ్యలో తొమ్మిది బేస్‌లే దూరం. ఒకచోట కోస్తే ప్రోటీన్‌లో డీఎన్‌ఏను పట్టుకునే వేళ్లలాంటి జింక్ ఫింగర్లలో మూడో, నాలుగో వాటి మధ్య లైసిన్, త్రియోనిన్, సెరిన్ చేరతాయి. ఇంకోచోట కోస్తే చేరవు. మీ ల్యాబ్‌లో ప్లస్ కేటీఎస్, మైనస్ కేటీఎస్ అంటారే, అవి; కె, టి, ఎస్ ఆ మూడింటి అక్షరాలు. చేపకూ మనకూ దారులు వేరుపడి 40 కోట్ల ఏళ్ల పైమాటే. అయినా ఈ రెండు రూపాలూ ఇద్దరిలోనూ ఉన్నాయి.

ఇంతకాలం ఎందుకు నిలిచాయో ఫ్రేజియర్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు చూస్తే తెలుస్తుంది. ఆ పిల్లల ప్రోటీన్‌లో ఒక్క అక్షరమూ తప్పుండదు. తొమ్మిదో ఇంట్రాన్‌లో, అంటే ఆ ఎక్సాన్ పక్కనే కోసి పారేసే ముక్కలో, మార్పు వల్ల జన్యువు రెండు ప్రతుల్లో ఒకదాని నుంచి ప్లస్ కేటీఎస్ రాదు, రెండింటి పాళ్లూ చెడతాయి. అంతే! కిడ్నీ వడపోత పాడవుతుంది. ఎక్స్‌వై క్రోమోజోములున్న బిడ్డ పైకి ఆడపిల్లలా పుడుతుంది. ఇది 1997లో తేలింది. అప్పటికి మా డిగ్రీ సిలబస్ ‘ఒక జన్యువు, ఒక ప్రోటీన్’ దగ్గరే కూర్చుంది.

ఇక నువ్వు ఎర్రగీత గీసిన ఐదో ఎక్సాన్. అదీ చేరవచ్చు, మానవచ్చు, కానీ ఏకంగా 17 అమైనో ఆమ్లాలు. కోడికి లేదు, చేపకు లేదు, మావి ఉన్న క్షీరదాల్లోనే కనిపిస్తుంది. ఎలుకల్లో దాన్ని తీసేస్తే శుభ్రంగా పెరిగి పిల్లల్ని కన్నాయి. ఎలుకకు అక్కర్లేదు కాబట్టి మనిషికీ అక్కర్లేదని నేననను. కానీ గీత గీయాల్సింది ఆ మూడక్షరాల కింద.

ఒక సందేహం. జీబ్రాఫిష్‌కు ఈ జన్యువులు రెండు కదా, డబ్ల్యూటీ1ఎ, డబ్ల్యూటీ1బి. ఒక్కోటీ ప్లస్, మైనస్ రూపాల్ని ఏ పాళ్లలో తయారుచేస్తోందో కొలుస్తున్నావా? వరసలు కలిసినంత మాత్రాన పాళ్లు కలవాలని లేదు. ప్రైమర్లు (డీఎన్‌ఏ కాపీ తీయడానికి వాడే చిన్న ముక్కలు) ఆర్డర్ పెట్టకముందే మీ మేడమ్‌తో మాట్లాడు. తొమ్మిది బేస్‌ల తేడా డీఎన్‌ఏ ముక్కల్ని పొడవును బట్టి వేరుచేసే మామూలు అగరోజ్ జెల్ మీద విడిగా కనబడటం కష్టం.

నాన్న